కాగితం మిగిలిన చోట మేకు నిలిచింది

బోల్టు చూస్తే నిన్న కొన్నదానిలా మెరుస్తోంది. అది బిగించి ఉన్న గేరుపెట్టె మర మాత్రం చుట్టలు చుట్టలుగా ఊడి, సన్నటి అల్యూమినియం తీగలా బోల్టును పట్టుకుని బయటికొచ్చేసింది. తీగ పొడవునా తెల్లటి పొడి. కువైట్‌లో పడవలు బాగుచేసే షెడ్డులో పనిచేస్తున్న మా మేనల్లుడు పంపిన ఫొటో ఇది. కోయిలకుంట్లలో లేతు దగ్గర పని నేర్చుకుని పోయినవాడు. మర పోతే ఎట్లా బాగుచేయాలో వాడికి ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. వాడి గోడు వేరు.

“మామా, థ్రెడ్డు పోయింటే హెలికాయిలు వేసినా. ఓ-రింగు కొత్తది వేసినా. శుభ్రంగా బిగించినా. కొన్నాళ్లకే ఆయిలు మళ్లీ పాల మాదిరి అయిపాయ. తప్పు యాడుందో అంతుపట్టడంల్యా.”

ఆ తప్పును వెతుక్కుంటూ పోతే దారి రెండున్నర శతాబ్దాల వెనక్కి, బ్రిటిష్ నౌకాదళాన్ని తికమకపెట్టిన ఒక చిక్కుముడి దగ్గరికి తీసుకుపోయింది. అక్కడి నుంచి మళ్లీ మన కుందూ ఒడ్డు పొలాల్లోని బోర్ల దగ్గర తేల్చింది. ఒక్కో ఆనవాలూ దొరికిన వరసలోనే చెబుతాను.

ముందు యంత్రం సంగతి. తెరచాప పడవకు గాలే బలం. అయినా రేవులోకి వచ్చేటప్పుడు, గాలి పడిపోయినప్పుడు చిన్న డీజిల్ ఇంజను కావాలి. పాత పద్ధతిలో ఇంజను నుంచి పొడుగాటి షాఫ్టు ఏటవాలుగా పడవ వెనక నుంచి నీళ్లలోకి దిగుతుంది. సెయిల్‌డ్రైవ్ పద్ధతి వేరు. ఇందులో పడవ అడుగునే పెద్ద రంధ్రం చేసి, దాంట్లోంచి అల్యూమినియం కాలు ఒకదాన్ని నిటారుగా నీళ్లలోకి దించుతారు. రంధ్రం చుట్టూ మందపాటి రబ్బరు పొర ఉంటుంది. కాలి లోపల నిలువు షాఫ్టు, పైనా కిందా పళ్లచక్రాలు, వాటిని ముంచుతూ గేరాయిలు. అడుగున ప్రొపెల్లరు, ఆయిలు తీయడానికి ఒక డ్రెయిన్ ప్లగ్గు. ఫొటోలోని బోల్టు ఆ ప్లగ్గే. వోల్వో పెంటా కంపెనీ 1970లలో ఈ ఏర్పాటును జనంలోకి తెచ్చింది. ఆ రబ్బరు పొరను ఏడేళ్లకోసారి మార్చమని కంపెనీయే చెబుతుంది. అది చిరిగితే సముద్రం నేరుగా పడవలోకి వస్తుంది మరి.

ఎండిన సీమలో పడవల గోల దేనికి అనుకునేవారికి ఒక మాట. సుంకేశుల నుంచి నంద్యాల ప్రాంతం మీదుగా కడప వైపు పారే కె.సి. కాలువను పంతొమ్మిదో శతాబ్దంలో తవ్వింది పొలాల కోసమే కాదు, పడవల కోసం కూడా. లాకులు కట్టి, 1930ల దాకా ఆ నీళ్ల మీద పడవలు నడిపారు. పడవ మనకు మరీ పరాయిది కాదు.

ఇక మొదటి ఆనవాలు, పాలరంగు ఆయిలు. గేరాయిలు ఎన్నాళ్లు వాడినా నల్లబడుతుందే గానీ తెల్లబడదు. తెల్లబడిందంటే నీళ్లు కలిసి, పళ్లచక్రాలు రెంటినీ చిలికాయన్నమాట. ఇక్కడిదాకా ఏ మెకానిక్కయినా చెబుతాడు. మా మేనల్లుణ్ణి గందరగోళపెట్టింది ఇంకొకటి. పడవ చుట్టూ నీళ్ల మీద చుక్క నూనె కూడా తేలలేదు. నూనె బయటికి పోకుండా నీళ్లు లోపలికి ఎట్లా వస్తాయి?

వస్తాయి. ఇంజను నడిచినంతసేపూ ఆయిలు వేడెక్కి ఉబ్బుతుంది. పడవను కట్టేశాక చల్లారి కుంచించుకుంటుంది. అప్పుడు లోపలి పీడనం కొంచెం తగ్గి, సన్నటి సందు దొరికినా చాలు, బయటి నీళ్లను పీల్చుకుంటుంది. అంటే ఈ జబ్బు పడవ తిరిగేటప్పటిది కాదు, కట్టేసి ఉన్నప్పటిది. ఆ మాటను అప్పుడు మేమిద్దరం పెద్దగా పట్టించుకోలేదు. చివరికి చిక్కు విప్పింది అదే.

నీళ్లు రావడానికి కింద రెండు దారులున్నాయి. ఒకటి ప్రొపెల్లరు షాఫ్టు దగ్గరి ఆయిల్ సీళ్లు, రెండోది డ్రెయిన్ ప్లగ్గు. ఎవరైనా ముందు అనుమానించేది సీళ్లనే. చేపల గాలపు దారం షాఫ్టుకు చుట్టుకుంటే అది సీలు పెదవిని కోసేస్తుంది. ప్రొపెల్లరు ఊడదీసి చూస్తే దారం పోగు లేదు. షాఫ్టు మీద గీత కూడా పడలేదు. అప్పుడు పడవను గట్టుకెక్కించి, ఆయిలు వంచేసి, కాలి లోపలికి చేతిపంపుతో కొద్దిగా గాలి ఎక్కించి సబ్బునీళ్లు పూశాడు. ఇక్కడ గాలి తక్కువే పెట్టాలి. ఎక్కువైతే సీలు పెదవి తిరగబడి, బాగున్నది కూడా పాడవుతుంది. షాఫ్టు దగ్గర ఒక్క బుడగ లేదు. ప్లగ్గు చుట్టూ ఒకవైపు మాత్రం వరసగా బుడగలు వచ్చాయి.

కొత్త మర, కొత్త ఓ-రింగు ఉన్న చోటే కారుతోందన్నమాట! చాలామంది మెకానిక్కులు పొరపడేది ఇక్కడే. మర నీళ్లను ఆపదు. మర చేసేది బిగించి పట్టడమే. నీళ్లను ఆపేది ఓ-రింగు, అది ఆనుకునే ముఖం. మర చుట్టూ ఎంత తెల్ల టేపు చుట్టినా ఆ ముఖం చదునుగా లేకపోతే లాభం లేదు. “ఆ సీటు దగ్గరి ఫొటో పంపరా” అన్నాను.

పంపాడు. కాలికి పూసిన పెయింటు పై నుంచి కింది దాకా చెక్కుచెదరలేదు. ప్లగ్గు కూర్చునే ముఖం మీద మాత్రం నెలవంక ఆకారంలో తెల్లటి పెచ్చు ఉంది. సూదితో పొడిస్తే పెచ్చు రాలి, కింద గుంత బయటపడింది. ఆ పక్కనే ఇంకొకటి. ఓ-రింగు ఎంత మెత్తనిదైనా ఆ గుంతల్లోకి దిగి పూడ్చలేదు. ఆ తెల్లపొడి అల్యూమినియం తుప్పు. తుప్పు అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మర సందుల్లో ఉబ్బి బోల్టును బిగదీసేస్తుంది. బలవంతంగా తిప్పితే బోల్టుకేమీ కాదు, మెత్తటి అల్యూమినియం మరే తెగి దాని వెంట వస్తుంది. ఫొటోలోని తీగ కథ ఇదే.

కాలు మొత్తం బాగుండి ప్లగ్గు చుట్టూ మాత్రమే ఎందుకు తినేసింది? ఇదే పాత చిక్కుముడి.

1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే 32 ఫిరంగుల యుద్ధనౌక అడుగుకు రాగిరేకులు కొట్టించింది. చెక్క ఓడలకు ఆ రోజుల్లో రెండు పీడలుండేవి. చెక్కను తొలిచేసే నావపురుగు ఒకటి, అడుగున దట్టంగా పెరిగి ఓడ వేగాన్ని చంపే నాచూ గుల్లలూ రెండోది. రాగి రెంటినీ ఆపుతుందని ఆశ. వెచ్చటి వెస్టిండీస్ జలాలకు పంపి, తిరిగొచ్చాక 1763లో ఓడను పరీక్షించారు. పురుగు తాకలేదు, నాచు పట్టలేదు. అయితే రాగిరేకులు చాలాచోట్ల వదులైపోయి ఉన్నాయి. రాగికేమీ కాలేదు. దాన్ని పట్టి ఉంచిన ఇనుప మేకులు తినుకుపోయాయి.

ఉప్పునీళ్లలో ఇనుము తుప్పు పట్టడం వింతేమీ కాదు. వింత ఇంకొకటి కనబడింది. అదే ఓడకు, అదే రోజు కొట్టిన మేకుల్లో కొన్ని దాదాపు బాగానే ఉన్నాయి. ఒక మేకు పూర్తిగా పోయి, పక్కనున్నది ఎట్లా నిలిచింది? తనిఖీ చేసినవాళ్ల కంటికి చిన్న తేడా కనబడింది. నిలిచిన మేకుల తలల కింద గోధుమరంగు కాగితం ముక్కలున్నాయి. రాగిరేకులు రేవుకు వచ్చినప్పుడు చుట్టి ఉన్న కాగితం అది. కూలీలు దాన్ని తీయకుండానే కొన్ని రేకులు కొట్టేశారు. ఎవరూ పథకం వేసి పెట్టింది కాదు. ఆ నిర్లక్ష్యమే మేకును కాపాడింది. సముద్రపు నీళ్లలో ఇనుమును రాగికి నేరుగా తగలనీయకూడదని అప్పుడే నౌకాదళ పెద్దలకు నివేదిక వెళ్లింది.

తుప్పు మీద నేను చదివినవాటిలో ఇంత అందమైన పరిశీలన ఇంకొకటి లేదు. కారణం ఏమిటో వాళ్లకు తెలియదు. విద్యుత్తు గురించి లోకానికి అప్పటికి తెలిసింది చాలా తక్కువ. అయినా ఉన్నదాన్ని ఉన్నట్టు చూశారు, చూసింది రాశారు.

కారణం తెలియడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 1800లో వోల్టా రెండు వేర్వేరు లోహపు బిళ్లల మధ్య ఉప్పునీళ్లలో తడిపిన అట్ట పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, నిలకడగా కరెంటు పుట్టించాడు. అలారం ఓడ అడుగున జరిగిందీ అదే. రాగి, ఇనుము, ఉప్పునీళ్లు మూడూ కలిస్తే బ్యాటరీ. ఆ బ్యాటరీలో రెండు లోహాల్లో ఒకటే కరుగుతుంది. రాగి పక్కన ఇనుము కరుగుతుంది. కాగితం అడ్డుపడిన చోట రెండు లోహాలూ తగల్లేదు, కరెంటు పారలేదు, మేకు మిగిలింది.

1824లో హంఫ్రీ డేవీ ఈ సూత్రాన్ని తిరగేశాడు. రాగిని కాపాడాలంటే దానికంటే తేలిగ్గా కరిగే లోహాన్ని కావాలనే తగిలించాలన్నాడు. రాగి విస్తీర్ణంలో నూటయాభయ్యో వంతు జింకో ఇనుమో ఉన్నా చాలని ప్రయోగాల్లో తేల్చాడు. పరీక్షకు తీసుకున్న ఓడల్లో సమరంగ్ ఒకటి. అది మన కొచ్చిలో, మన టేకుతో కట్టిన ఓడ. రాగి అరగడం ఆగింది గానీ ఓడ అడుగున నాచూ గుల్లలూ విపరీతంగా పెరిగాయి. నాచును చంపుతున్నది కొద్దికొద్దిగా కరిగే రాగే. కరగడం ఆపేసరికి ఆ రక్షణా పోయింది. నౌకాదళం డేవీ పద్ధతిని వదిలేసింది. సూత్రం మాత్రం నిలిచింది. ఇవాళ ఉక్కు ఓడల అడుగున, భూమిలో పాతిన పైపులైన్ల పక్కన, సెయిల్‌డ్రైవ్ కాలి చివర కనబడే జింకు ముక్క డేవీ ఇచ్చిందే.

మళ్లీ మన స్టెయిన్‌లెస్ ప్లగ్గు దగ్గరికి వద్దాం. సముద్రపు నీళ్లలో ఏ లోహం ముందు కరుగుతుందో వరస ఉంది. జింకు ముందు, తర్వాత అల్యూమినియం, తర్వాత ఇనుము, ఆపైన రాగి, కంచు, చివర్లో స్టెయిన్‌లెస్ స్టీలు. అల్యూమినియానికీ స్టెయిన్‌లెస్‌కూ మధ్య తేడా అర వోల్టుకు పైనే. కువైట్ తీరంలో సముద్రం మామూలు సముద్రాల కన్నా ఉప్పన. వేసవిలో వెచ్చన కూడా. కరెంటు ఇంకా తేలిగ్గా పారుతుంది.

ఇక్కడితో కేసు తేలిపోయిందనుకున్నాడు వాడు. నాకు ఒక అనుమానం మిగిలింది. ఇటువంటి తుప్పులో విస్తీర్ణాల లెక్క చాలా ముఖ్యం. అలారంలో రాగిరేకు చాలా పెద్దది, మేకు చాలా చిన్నది. అందుకే మేకు అంత తొందరగా పోయింది. ఇక్కడ లెక్క తలకిందులు. కరిగే అల్యూమినియం కాలు పెద్దది, కరిగించే ప్లగ్గు చిన్నది. పైగా పక్కనే జింకు ముక్క ఉండాలి. ఒక్క చిన్న ప్లగ్గు కొన్నాళ్లలోనే ఇంత నష్టం చేయలేదు. వెనక ఇంకేదో పెద్ద లోహం ఉండాలి.

“జింకు ఎట్లుందిరా?” అని అడిగా.

“కొత్తది వేసినా మామా. ఒక సీజను రావల్ల. నెల తిరక్కముందే సగం తినేసింది. మాల్ మంచిది కాదేమో అనుకుంటి.”

మాల్‌ది తప్పు కాదు. జింకు అంత వేగంగా పోయిందంటే అది తన పడవనే కాదు, ఇంకెవరినో కాపాడుతోందని అర్థం. అదీ పడవను కట్టేసి ఉన్నప్పుడే. రేవులో కట్టేసిన పడవకు గట్టు మీది నుంచి కరెంటు తీగ ఇస్తారు. బ్యాటరీల ఛార్జింగుకూ ఏసీకీ అది కావాలి. ఆ తీగలో ఎర్తు వైరు ఉంటుంది. అది ఒకవైపు ఇంజనుకూ దాని ద్వారా అల్యూమినియం కాలికీ, మరోవైపు గట్టు మీది ఎర్తుకూ కలుస్తుంది. పక్క పడవలూ ఆ ఎర్తుకే కలిసి ఉంటాయి. ఉక్కు పడవలు, కంచు ప్రొపెల్లర్లు అన్నీ ఒకే వైరు మీద, ఒకే ఉప్పునీళ్లలో. ఆ వరసలో అన్నిటికన్నా తేలిగ్గా కరిగేవి ఈ పడవ జింకూ, అది అయిపోయాక ఈ పడవ అల్యూమినియమూ. లెక్కకు కావలసిన పెద్ద లోహం దొరికింది.

అనుమానం ఒక్కటే చాలదు, పరీక్ష కావాలి. మల్టీమీటరుకు సిల్వర్-సిల్వర్ క్లోరైడు కొలత కడ్డీ తగిలించి నీళ్లలో వేలాడదీసి, రెండో కొసను ఇంజనుకు ఆనించమన్నాను. గట్టు కరెంటు ఉండగా ఒక అంకె వచ్చింది. గట్టు ప్లగ్గు పీకిన కొద్దిసేపటికే అంకె మారి, జింకు కాపాడుతున్న అల్యూమినియానికి ఉండాల్సిన వైపు జరిగింది. మళ్లీ ప్లగ్గు పెడితే మళ్లీ వెనక్కి. చిక్కు అక్కడ విడింది.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ఇది విని ఎవరూ ఎర్తు వైరు కత్తిరించకండి. ఎర్తు లేని పడవలో షార్టు అయితే మనిషి ప్రాణం పోతుంది. మందు వేరే ఉంది. గాల్వానిక్ ఐసోలేటరు అనే చిన్న పెట్టెను ఎర్తు వైరులో పెడితే, ఈ చిన్న వోల్టేజీ కరెంటును ఆపి, షార్టు కరెంటును మాత్రం వదులుతుంది. వాళ్ల పడవకు అదే పెట్టించారు.

మరి హెలికాయిలు వేసినా మర మళ్లీ ఎందుకు చెడింది? హెలికాయిలు అంటే స్టెయిన్‌లెస్ తీగతో చుట్టిన మర. అల్యూమినియం రంధ్రాన్ని పెద్దది చేసి, ట్యాపు కొట్టి, ఈ చుట్టను దించుతారు. పొడి ప్రదేశంలో అది చక్కటి వైద్యం. ఉప్పునీళ్లలో మునిగి ఉండే అల్యూమినియంలో మాత్రం ఇంకో శత్రువును లోపలికి తెచ్చి కూర్చోబెట్టడమే, మధ్యలో కాగితం లేకపోతే. వాడు పొడిగా వేశాడు. మొదటిసారి పోయింది మర మాత్రమే. రెండోసారి మర చుట్టూ ఉన్న గోడ కూడా పోవడం మొదలైంది.

ఈసారి పని ఇట్లా చేశాడు. హెలికాయిలు తీసేసి, రంధ్రాన్ని మంచి లోహం తగిలేదాకా పెద్దది చేశాడు. అదే జాతి అల్యూమినియంతో లేతు మీద బుష్ తీసి, బయటా లోపలా మర కోసి, ఎపాక్సీ పూసి దించాడు. మెత్తటి లోహం కాబట్టి ప్లగ్గు వ్యాసానికి ఒకటిన్నర రెట్ల లోతు తగ్గకుండా మర పట్టేట్టు చూసుకున్నాడు. తర్వాత ఓ-రింగు కూర్చునే ముఖాన్ని గుంతలు పోయేదాకా చదును చేశాడు. పాత మరమ్మతులో వదిలేసిన పని అదే. ప్లగ్గు మరకు రెండు లోహాల మధ్య అడ్డుపడే పేస్టు పూశాడు. అలారం మేకుల కింది కాగితం స్థానం దానిది. రాగిపొడి కలిపిన గ్రీజు మాత్రం అల్యూమినియం దగ్గరికి రానీయకూడదు, అది తుప్పును ఇంకా పెంచుతుంది. ఓ-రింగుకు గ్రీజు రాసి, కంపెనీ చెప్పిన బిగువుకే బిగించి, మళ్లీ గాలి పెట్టి సబ్బునీళ్లు పూశాడు. ఒక్క బుడగ రాలేదు. అప్పుడే ఆయిలు పోశాడు.

ఇంత చిన్న ప్లగ్గుకు ఇంత తతంగమా అనిపించవచ్చు. 2017-18లో ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ మీద ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల్లో విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. గోవాకు తిరిగొచ్చే చివరి అంకంలో స్టీరింగు యంత్రాంగం చెడి, వాళ్లు అనుకోకుండా మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగాల్సి వచ్చింది. నడిసముద్రంలో లేతు షాపు ఉండదు. ఒడ్డున చేసిన పనిలో లోపం ఉంటే అక్కడే బయటపడుతుంది.

ఇప్పుడు మన పొలాలకొద్దాం. బోరులో జి.ఐ. పైపులు దించే రైతులందరికీ తెలిసిన సంగతే. పైపు నడుమ బాగానే ఉంటుంది, సాకెట్టు దగ్గర మర చివికి తెగుతుంది, మోటారు బోరులో పడిపోతుంది. నాసిరకం పైపు అని కొట్టువాణ్ణి తిట్టుకుంటాం. పైపును కాపాడేది ఇనుము మీది జింకు పూత, అంటే డేవీ సూత్రమే. మర కోసేటప్పుడు ఆ పూత సరిగ్గా మర దగ్గరే లేచిపోతుంది. పైపు గోడ కూడా అక్కడే పలచబడుతుంది. ఆ బోడి మరను స్టెయిన్‌లెస్ పంపు మూతికో ఇత్తడి వాల్వుకో తగిలించి, ఉప్పన బోరునీళ్లలో ముంచుతాం. పంపు ఒళ్లు పెద్దది, మర చిన్నది. అలారం లెక్కే మళ్లీ మన బోరులో. మోటారు మీది మొదటి పైపు ముందు చివికితే కారణం అక్కడ వెతకండి.

అందుకే బోరు దించే రైతులకూ ప్లంబర్లకూ నా విన్నపం. మర కోశాక దాన్ని బోడిగా వదలకండి. జింకు ఎక్కువగా ఉండే ప్రైమరు దొరుకుతుంది, మరకూ సాకెట్టు బయట మిగిలే అంచుకూ అది పూసి ఆరనివ్వండి. జత చేసేటప్పుడు సందుల్లో నీళ్లు నిలవకుండా నార చుట్టి పెయింటు పెట్టండి. స్టెయిన్‌లెస్ పంపు మూతికి నేరుగా జి.ఐ. పైపు బిగించాల్సి వస్తే, పంపు పైకి తీసిన ప్రతిసారీ ఆ మొదటి పైపు మరను తుడిచి చూడండి, పలచబడి ఉంటే ఆ పైపు మార్చండి. మోటారుకు విడిగా తాడు కట్టకుండా మాత్రం ఎప్పుడూ దించకండి.